నీటి అడుగున ఊపిరి – ద్వీపమునకు వెళ్లే కుటుంబములకు కొన్ని మాటలు



గడచిన ఫిబ్రవరి నెలలో మేము పుంగనూరు, కుప్పం సంఘములకు చెందిన రెండు కుటుంబములతో కలిసి అండమాన్ దీవులకు వెళ్లి వచ్చిన సంగతి మీలో చాలమందికి తెలుసు. తిరిగి వచ్చిన నాటి నుండి ఆరాధన ముగిసి గుడి బయటకు రాగానే ఎవరో ఒకరు మమ్ములను ఆపి అడుగుచునే ఉన్నారు. "అయ్యగారూ, మా పిల్లోడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తాండాడు. మమ్మల్ని గూడా ఆ దీవులకే పిల్చుకొని పోతానంటాడు. సముద్రం లోపలికి దింపుతారంట గదా? మా వయసోళ్లు దిగొచ్చునా?"

ఒకప్పుడు మన వైపు రైతు కుటుంబములకు దూర ప్రయాణమంటే వేలూరు ఆసుపత్రి, లేదా బంధువుల పెండ్లి. సముద్రము చూడవలెనంటే మద్రాసు మెరీనా. ఇప్పుడు పిల్లలు బెంగుళూరులో నాలుగు డబ్బులు సంపాదించుచున్నారు. టమోటాకు ధర పలికిన సంవత్సరము మదనపల్లె చుట్టుపక్కల రైతులు సైతము పిల్లలతో కలిసి విమానము ఎక్కుచున్నారు. తలిదండ్రులను సంతోషపెట్టవలెనని బిడ్డలు ముందుగానే అన్నిటికీ డబ్బు కట్టివేయుచున్నారు. చిక్కంతా అక్కడే ఉన్నది. డబ్బు కట్టిన పిమ్మట "నాకు వద్దు నాయనా" అనుట ఏ తండ్రికీ సులువు కాదు. మాకును సులువు కాలేదు. ఆ సంగతి దాచక చెప్పుటకే ఈ వ్యాసము.

మాతో కలిపి మేము ఎనిమిది మందిమి. మదనపల్లె నుండి మేమిద్దరము, పుంగనూరు నుండి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య, తొమ్మిదేండ్ల మనుమరాలు, కుప్పం నుండి ఒక రైతు సహోదరుడు, ఆయన భార్య, వారి కుమారుడు. ఆ యవనస్థుడే ఈ ప్రయాణమునకు మూలము. మా దంపతుల ఖర్చు కూడ వద్దంటున్నా వినక అతడే భరించాడు.

దారి, కాలము

అండమాన్‌కు రాజధాని పోర్ట్ బ్లెయిర్. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. చెన్నై నుండి విమానములో రెండు గంటల పైచిలుకు. ఓడలో అయితే సుమారు మూడు దినములు పడుతుంది. మదనపల్లె, పుంగనూరు వారికి దేవనహళ్లి విమానాశ్రయము దగ్గర. కుప్పం వారికి రైలు సౌకర్యము ఉన్నది గనుక చెన్నైకి పోయినా, బెంగుళూరుకు పోయినా ఒకటే. మన దేశస్థులకు ప్రత్యేక అనుమతి పత్రము అవసరము లేదు గాని, ఆధార్ వంటి గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండవలెను. ఓడ టిక్కెట్టుకు కూడ దానినే చూతురు.

డైవింగ్ రిసార్టులు ఎక్కువగా ఉన్నది హేవ్‌లాక్ ద్వీపములో. దీనిని 2018 నుండి స్వరాజ్ ద్వీప్ అని పిలుచుచున్నారు. పోర్ట్ బ్లెయిర్ నుండి సుమారు 40 కిలోమీటర్లు. ప్రభుత్వ ఓడలో రెండున్నర గంటలు, ప్రైవేటు ఓడలలో ఇంకా తక్కువ. తూర్పు పాకిస్తాన్ నుండి కాందిశీకులుగా వచ్చిన బెంగాలీ కుటుంబములను అక్కడ స్థిరపరచారు గనుక ఊళ్ల పేర్లన్నీ గోవిందనగర్, రాధానగర్, విజయనగర్ అని ఉంటాయి. విజయనగర్ అనగానే మాతో వచ్చిన రైతు సహోదరుడు "మన రాయలవారు ఇంత దూరము వచ్చినారా?" అని అడిగారు.

వెళ్లుటకు మంచి కాలము డిసెంబరు చివర నుండి ఏప్రిల్ వరకు. మే మధ్య నుండి వానలు, గాలి, అలలు. అక్టోబరు, నవంబరులలో తుఫానుల భయము. గాలి ఎక్కువైతే ఓడలు ఆగిపోవును. అందుచేత ద్వీపము నుండి తిరిగి వచ్చిన దినముననే విమానము ఎక్కేటట్లు టిక్కెట్టు తీసికొనకండి. మధ్యలో ఒక రోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేటట్లు చూచుకొనండి. దీనికి ఇంకొక ముఖ్య కారణము కూడ ఉన్నది, కొంత సేపటికి చెప్పెదము.

అక్కడ ప్రొద్దు మనకంటె దాదాపు గంట ముందుగా గుంకును. గడియారము మన దేశపుదే గాని ద్వీపము బాగా తూర్పున ఉన్నది. ఫిబ్రవరిలో సాయంత్రము అయిదున్నర లోపే సూర్యుడు మునిగిపోతాడు. మధ్యాహ్నము భోజనము చేసి ఒక కునుకు తీసి లేచేసరికి మాకు మొదటి రోజు చీకటి పడిపోయింది. అక్కడ ఏ పనైనా తెల్లవారు జామునే మొదలు పెట్టవలెను.

బావి ఈత వేరు, సముద్రము వేరు

డైవింగ్ రిసార్టు అంటే ఒడ్డున కొబ్బరి చెట్ల నడుమ గదులు, భోజనశాల, వాటితోపాటు గాలి సిలిండర్లు, పడవలు, నేర్పించే మనుషులు ఉన్న చోటు. ఈత రానివారిని కూడ ఒక శిక్షకుడు చేయి పట్టుకొని కొంత లోతు వరకు తీసికొని పోవును. ఇట్టి మొదటి మునకకు 12 మీటర్ల లోతు హద్దు, పదేండ్ల వయసు నిండి ఉండవలెను. మా ఉపాధ్యాయుని మనుమరాలికి తొమ్మిదే గనుక ఆమెను ఒప్పుకొనలేదు. పాప ఏడ్చింది గాని, అక్కడి వారు ఆ మాటపై గట్టిగా నిలబడుట మాకు నచ్చింది. తానే స్వయముగా మునిగే విద్య నేర్వదలచిన వారికి మూడు నాలుగు దినముల తరగతి వేరుగా ఉన్నది. దానికి మాత్రము ఈత రావలెను. 200 మీటర్లు ఈది, పది నిమిషములు నీటిపై తేలి చూపవలెను.

సిలిండరులో ఉండేది ఆసుపత్రిలో పెట్టే ఆక్సిజన్ అని మాలో అందరము అనుకొన్నాము. కాదు. మనము పీల్చే మామూలు గాలినే ఒత్తిడితో నొక్కి నింపుతారు.

మా తరము వారు చాలమంది బావిలో ఈత నేర్చినవారే. నడుముకు బెండు కట్టుకొని, లేదా ఎండిన సొరకాయ బుర్ర కట్టుకొని, పెదనాన్నో మామో ఒడ్డు మీద నుండి తోసివేయగా నేర్చినాము. ఆనాడు మొనగాడు ఎవరంటే, ఊపిరి బిగబట్టి అడుగు వరకు మునిగి పిడికెడు మట్టి తెచ్చి చూపినవాడు. కుప్పం సహోదరుడు అట్టి మొనగాడే. కాని సముద్రములో సిలిండరుతో దిగినప్పుడు ఆ అలవాటే ప్రాణము మీదికి తెచ్చునని అక్కడ చెప్పారు. మొదటి నియమము, అన్నిటికంటె పెద్ద నియమము: ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదు. పీల్చుచు వదలుచు ఉండవలెను.

ఎందుకో అర్థమైతేనే మనస్సులో నిలుచును గనుక కొంచెము వివరించెదము. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు, అనగా సుమారు ఆరు మట్ల బావి లోతుకు, మన మీద ఒత్తిడి ఇంకొక వంతు పెరుగును. పది మీటర్ల అడుగున ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండరు నుండి రొమ్ము నిండ గాలి పీల్చి, నోరు మూసికొని పైకి వచ్చినట్లయితే, పైకి వచ్చే కొలది ఆ గాలి ఉబ్బి రెట్టింపు చోటు అడుగును. మన ఊపిరితిత్తులలో అంత చోటు ఎక్కడిది? సైకిల్ ట్యూబుకు మితి మీరి గాలి కొట్టినట్లే అగును. బావిలో మునిగిన మనిషి పైన పీల్చిన గాలినే లోపలికి తీసికొని పోవును. అది అడుగున నలిగి, పైకి వచ్చేసరికి తిరిగి మొదటి పరిమాణమునకే వచ్చును. అందుకే బావిలో ఆ ప్రమాదము లేదు. ఊపిరి ఆడుచున్నంత సేపు ఎక్కువైన గాలి నోటి ద్వారా బయటికి పోవును, భయము లేదు. కాని ఊపిరితిత్తిలో ఎక్కడైనా గాలి చిక్కుకొని బయటకు రాలేని మూల ఉన్నట్లయితే, మనము నోరు తెరచి ఉంచినా ఆ మూలలోని గాలి ఉబ్బకుండ ఉండదు. ఈ మాట గుర్తుంచుకొనండి.

ఆ కాగితము

రెండవ రోజు ఉదయము ఆరు గంటలకే మమ్ములను వరుసగా కూర్చుండబెట్టి చేతికి ఒక కాగితము, పెన్ను ఇచ్చారు. ఇంగ్లీషులో ఉన్నది. ఆరోగ్యమును గూర్చిన ప్రశ్నలు. ఉబ్బసము ఉన్నదా, ఊపిరితిత్తుల జబ్బు వచ్చినదా, గుండె జబ్బు, మూర్ఛ, మధుమేహము, చెవి ఆపరేషన్, గర్భము ఉన్నవా. 45 ఏండ్లు దాటి, రక్తపోటు గాని పొగ త్రాగు అలవాటు గాని ఉన్నదా, ఇట్లు. కొన్ని ప్రశ్నలకు ఉన్నది అని వ్రాస్తే డాక్టరు పరీక్షించి సంతకము చేసిన పత్రము తేవలెను. లేకపోతే దిగనివ్వరు.

మాకు ఇరవై ఏండ్ల వయసులో క్షయ వచ్చింది. మన ఆరోగ్యవరములోనే చికిత్స పొందాము. ఆ శానిటోరియమును స్థాపించిన మిషనరీలు ఎన్ని వేల కుటుంబములను నిలబెట్టారో మన ప్రాంతములో తెలియని వారు లేరు. మాత్రలు పూర్తిగా వాడి, నయమై, పెండ్లి చేసికొని, ఇన్నాళ్లుగా రోజుకు రెండు మూడు ప్రసంగములు చేసినా ఆయాసమన్నది ఎరుగము. ఆ ప్రశ్న దగ్గర పెన్ను కొంచెము ఆగింది. కాగితములు తీసికొనుటకు నిలబడిన మనిషి అది చూచి, "అన్నిటికీ నో పెట్టండి సార్. యస్ పెడితే డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. పడవ వెళ్లిపోతుంది. అందరూ అంతే పెడతారు" అన్నాడు.

మేము నో అని పెట్టాము.

ఎప్పుడో నయమైన జబ్బు గదా అని మనస్సును సరిపెట్టుకొన్నాము. ఆ యవనస్థుడు కట్టిన డబ్బు పోవునన్న ఆలోచన కూడ ఉన్నది. ఎనిమిది మంది ఎదుట మా జబ్బు సంగతి ఎత్తుటకు సిగ్గు కూడ కలిగింది. మా ప్రక్కన కూర్చున్న ఉపాధ్యాయునికి ఉబ్బసము. ముప్పై ఏండ్లు సుద్దముక్క పొడిలో గడిపినవారు. జేబులో పీల్చే మందు డబ్బీ లేనిదే ఇల్లు కదలరు. ఆయన మా కాగితము వైపు చూచారు. చూచి, తానూ నో అని పెట్టారు. ఆయన చూచినట్లు మేమును చూచాము.

పడవ దగ్గర సిలిండర్లు మోయుచున్న ఒక అబ్బాయి మా మాటలు విని, "మనోళ్లేనా? ఏ ఊరు బాబూ మీది?" అని పలకరించాడు. వారిది శ్రీకాకుళం వైపు. తాత కాలముననే చేపల వేటకు వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో నిలిచిపోయిన కుటుంబమట. అండమాన్‌లో తెలుగువారు కొద్దిమంది కారు. 2011 జనాభా లెక్కలలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత మనదే. పరాయి చోట తెలుగు మాట విని ప్రాణము లేచి వచ్చింది. ఆ అబ్బాయి మా రొమ్మునకు పట్టీలు బిగించుచు, ఏదో మాట వరుసకు అడిగినట్లు అడిగాడు: "ఆయాసం గాని, టీబీ గాని ఎప్పుడైనా వొచ్చిందేటి బాబూ? అడుగుతన్నానని ఏటనుకోకండి. కాయితం మీద అందరూ లేదనే రాస్తారు."

ఇంగ్లీషు కాగితము మీద వ్రాసిన నో, ఆ తెలుగు మాటకు ఎదురుగా మా నోట రాలేదు. వచ్చింది అన్నాము. అతడు పట్టీలు విప్పివేశాడు. ఒక మాట కూడ అనలేదు. మేము వెనుకకు పోయి కాగితము అడిగి తీసికొని, దిద్ది, మా పేరు కొట్టివేయించాము. తిరిగి వచ్చేసరికి ఉపాధ్యాయుడు పడవ మెట్టు మీద కూర్చొని ఉన్నారు. "నాది గూడా కొట్టేయించండి అయ్యగారూ" అన్నారు. మా ఇద్దరి రుసుము తిరిగి ఇవ్వలేదు. ఆ యవనస్థుడు "పోనీలెండి" అన్నాడు గాని, మాకు ఆ దినమంతా అన్నము సహించలేదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరకు పోయి రొమ్ము స్కాను తీయించుకొన్నాము. కుడి వైపు పైభాగమున పాత మచ్చ, దాని ప్రక్కనే పలుచని గోడ గల చిన్న గాలి సంచి ఉన్నవని తెర మీద చూపించారు. మామూలు జీవితములో అది ఏమీ చేయదట. నీటిలోనికి దిగి పైకి వచ్చేటప్పుడు మాత్రము అందులో చిక్కిన గాలి ఉబ్బి సంచి చిట్లుటకు తావున్నదని చెప్పారు. తప్పక చిట్లునని ఆయన అనలేదు. చిట్లితే ఊపిరితిత్తి కుంగిపోవచ్చును, గాలి బుడగ రక్తములో కలిసి మెదడునకు చేరవచ్చును. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ప్రభుత్వ ఆసుపత్రి. పెద్ద ఆసుపత్రి, జి.బి. పంత్ ఆసుపత్రి, ఓడ దాటి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది.

క్షయ వచ్చి నయమైన ప్రతివారూ దిగకూడదని దీని అర్థము కాదు. కొందరి ఊపిరితిత్తులు శుభ్రముగా ఉంటాయి. ఉబ్బసము ఉన్నవారిలో కూడ ఊపిరి పరీక్ష చేసి కొందరిని దిగవచ్చునని చెప్పుదురు. చెప్పవలసినది డాక్టరు, కాగితము పట్టుకొని నిలబడినవాడు కాదు. మన వైపు ఎన్ని ఇండ్లలో పాత క్షయ మచ్చలు ఉన్నవో మనకు తెలియును గదా. కుప్పంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది, వేలూరు దూరము కాదు. టిక్కెట్టు తీయకముందే ఆ ప్రశ్నల కాగితమును రిసార్టు వారిని అడిగి తెప్పించుకొని, ఇంటిలో అందరూ కూర్చొని చదివి, దానితోనే డాక్టరు దగ్గరకు పోవుట మంచిది. బిడ్డలారా, తలిదండ్రులను ఆశ్చర్యపరచవలెనని వారికి చెప్పకుండ డబ్బు కట్టకండి. కట్టుటకు ముందు ఫోనులో ఈ నాలుగు సంగతులు అడగండి: డాక్టరు వద్దంటే డబ్బు తిరిగి ఇచ్చెదరా, ఒక్కొక్క శిక్షకుని చేతిలో ఎందరిని పెట్టెదరు, పడవలో ఆక్సిజన్ ఉంచెదరా, స్త్రీలు బట్టలు మార్చుకొనుటకు మూసిన గది ఉన్నదా.

లోపలికి దిగినవారు చెప్పినది

మా ఇంటివారు దిగారు. బావి గట్టు మీద కూడ నిలబడని మనిషి. ఆమె కాగితములో నిజముగానే అన్నీ నో. మేము పడవలో కూర్చొని, నీటి మీదికి వచ్చే బుడగలు చూచుచు లెక్కపెట్టుచున్నాము.

నాలుగు నిమిషములకే పైకి తేలారు. ఏమైనదోనని మా గుండె ఆగినంత పని అయింది. సంగతి ఏమంటే, క్రింద రంగు చేపల గుంపు కనబడగానే సంతోషము పట్టలేక ఆమె బొటనవ్రేలు పైకెత్తి చూపారట. నీటి అడుగున ఆ సైగకు బాగున్నదని కాదు, పైకి పోదామని అర్థము. శిక్షకుడు మర్యాదగా పైకి తీసికొని వచ్చాడు. బాగున్నదని చెప్పుటకు బొటనవ్రేలు, చూపుడువ్రేలు కలిపి సున్న చుట్టవలెను. మరల దిగి ఇరవై నిమిషములు ఉండి వచ్చారు. ఏమి చూచావని అడిగితే, "మన పెండ్లిలో తోరణాలు కట్టినట్లుంది" అని ఒక్క మాట చెప్పి ఊరకున్నారు. ఇప్పటికీ అంతకు మించి చెప్పరు.

చెవి నొప్పిని గూర్చి ఆమె అందరికీ చెప్పమన్నారు. కొద్ది అడుగులు దిగగానే చెవులలో ఒత్తిడి మొదలగును. నొప్పి రాకముందే ముక్కు పట్టుకొని మెల్లగా ఊదవలెను. చెవి టక్కుమని తెరుచుకొనును. తెరుచుకొనకపోతే ఇంకా దిగక కొంచెము పైకి రావలెను. గట్టిగా ఊదకూడదు. జలుబు చేసి ఉంటే ఆ రోజుకు మానుకొనుటే.

కుప్పం సహోదరుని కథ వేరు. ఆయన మీసము మన సంఘములలో పేరు మోసినది. కండ్లకు, ముక్కునకు కలిపి పెట్టే అద్దపు తొడుగు ఆ మీసము మీద అతుకదు. సందుల నుండి నీరు లోపలికి వచ్చును. శిక్షకుడు గొరిగించుకొమ్మన్నాడు, ఆయన ససేమిరా అన్నారు. చివరకు ముక్కు క్రింద సన్నని గీత మేరకు మాత్రము తీయించుకొని దిగారు. ఆ గీత కనబడకుండ ఊరికి వచ్చిన పిమ్మట నెల రోజులు చేయి అడ్డము పెట్టుకొని మాట్లాడారు. మీసము ఉన్నవారు ఈ సంగతి ఇంటి వద్దనే తేల్చుకొని వెళ్లండి. కండ్లజోడు పెట్టుకొని దిగుట కుదరదు. పవర్ అద్దములు ఉన్న తొడుగులు కొన్నిచోట్ల ఇత్తురు, ముందుగా అడగవలెను.

స్త్రీలకు ఒంటికి అంటుకొనే రబ్బరు దుస్తులు ఇచ్చెదరు. సిగ్గుపడే వారు దానిపై వదులైన చొక్కా వేసికొనవచ్చును, ఎవరూ ఏమీ అనరు. లోపల లెగ్గింగు వంటిది ఇంటి నుండి తీసికొని పోవుట మేలు. గొలుసులు, ఉంగరములు, కమ్మలు గదిలోనే తీసి భద్రపరచండి. నీటిలో జారినది దొరకదు.

తప్పక పాటించవలసిన ఇంకొక నియమము విమానమును గూర్చినది. లోతులో పీల్చిన గాలిలోని నత్రజని రక్తములో కరిగి ఉండును. గోలీ సోడా కొట్టిన వెంటనే బుడగలు వచ్చినట్లు, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే అది శరీరములో బుడగలుగా మారును. విమానము లోపలి ఒత్తిడి మన హార్స్‌లీ కొండకు దాదాపు రెట్టింపు ఎత్తు మీద ఉండేటంత తక్కువగా ఉండవచ్చును. ఒక్కసారి మునిగినవారు కనీసము 12 గంటలు, ఎక్కువసార్లు మునిగినవారు 18 గంటలు విమానము ఎక్కకూడదు. ఒక పూర్తి దినము ఆగుటే మేలని మా శిక్షకుడు చెప్పాడు. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రోజు ఉండండని పైన చెప్పినది ఇందుకే. ఆ రోజు సెల్యులార్ జైలు చూచుటకు కూడ సరిపోవును.

దిగనివారికి కూడ ద్వీపములో చూచుటకు ఉన్నది. మేము, ఉపాధ్యాయుడు, పాప అడుగున అద్దము బిగించిన పడవలో పోయాము. ఎలిఫెంట్ బీచి దగ్గర నీరు తేటగా ఉండి, పాపకు మా ఇంటివారు చూచిన చేపలలో సగమైనా కనబడినవి. పగడపు దిబ్బల మీద మాత్రము కాలు మోపకూడదు. రాయిలా కనబడునే గాని అది ప్రాణమున్నది. 2010లో సముద్రము వేడెక్కి అండమాన్‌లో చాల పగడములు తెల్లబారి చచ్చిపోయినవి. ఒడ్డున చచ్చి పడి ఉన్న పగడపు ముక్కనైనా ఇంటికి తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి చట్టము క్రింద అది నేరము, విమానాశ్రయములో సంచులు తనిఖీ చేసి తీసివేయుదురు. పాప గౌను జేబులో దాచిన ఒక ముక్కను వాళ్ల అవ్వ ఓడ ఎక్కకముందే పట్టుకొన్నది.

రాధానగర్ తీరము మిక్కిలి అందమైనది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో కెల్ల మంచి తీరమని వ్రాసింది. అయినను మొసళ్లను గూర్చిన హెచ్చరిక పలకలు చదువక నీటిలో దిగకండి. ఇవి ఉప్పునీటి మొసళ్లు. 2010లో ఆ ద్వీపములో ఒక పర్యాటకురాలు మొసలి వాత పడి మరణించారు. జెండాలు కట్టి, కావలివారు ఉన్న చోటనే స్నానము చేయవలెను.

చిన్న సంగతులు కొన్ని. సాయంత్రము ఇసుకలో కనబడని ఇసుక ఈగలు కుట్టును, దురద వారము రోజులు పోదు. కాళ్లు కప్పుకొని, కొబ్బరినూనె రాసికొని కూర్చుండండి. ఓడలో కడుపు త్రిప్పే వారు మాత్రను గూర్చి డాక్టరును అడగవలెను. కొన్నిటికి మత్తు వచ్చును గనుక వేసికొని మునగకూడదు. ఏ.టి.ఎం.లు తక్కువ, నగదు ఉంచుకొనండి. 2020లో చెన్నై నుండి సముద్రము క్రింద తీగ వేసిన తరువాత ఫోను మునుపటికంటె మేలు. కూరగాయలు చాలవరకు ఓడ మీద రావలెను గనుక ధర ఎక్కువ. చేప, అన్నము కావలసినంత దొరుకును గాని కారము మన నాలుకకు చాలదు. ఉపాధ్యాయుని భార్య పట్టుకొని వచ్చిన టమోటా ఊరగాయ, పప్పులపొడి రెండవ దినమునకే భోజనశాలలోని బెంగాలీ వంటవాని దాకా చేరినవి. ఆయన ఒక గిన్నె అడిగి తీసికొన్నాడు.

ఉపాధ్యాయుడు తిరిగి వచ్చిన పిమ్మట ఊపిరి పరీక్ష చేయించుకొన్నారు. దిగవద్దన్నారు. మనుమరాలికి వచ్చే జనవరికి పదేండ్లు నిండును. ఆ పాప ఇప్పుడు పుంగనూరు దగ్గర ఒక మామిడి తోటలోని బావిలో బెండు కట్టుకొని ఈత నేర్చుకొనుచున్నది. మొన్న మేము ఆ దారిన పోవుచు ఆగి చూచాము. తాతగారు గట్టు మీద నిలబడి, ఇక్కడ ఊపిరి బిగబట్టవలెనని, అక్కడ బిగబట్టకూడదని ఒకే గుక్కలో చెప్పుచు, మధ్యలో జేబులోని డబ్బీ తీసి పీల్చుచున్నారు.